భోగముపై పన్నా, ఫలముపై పన్నా? – కరధర్మమునందు సమత్వవిచారము

వేములవాడ శ్రీ రాజరాజేశ్వరస్వామి సన్నిధిలో సోమవారమునాడు కోడె మొక్కు చెల్లించు భక్తుని గమనించినవారికి ఒక విశేషము తోచును. అతడు ధర్మగుండములో స్నానమాచరించి, కోడె పగ్గము చేతబట్టి, స్వామికి ప్రదక్షిణము గావించి, దానిని కట్టి నమస్కరించును. తాను ఏమి ఇచ్చుచున్నాడో, ఎవరికి ఇచ్చుచున్నాడో, ఏల ఇచ్చుచున్నాడో అతనికి సంపూర్ణముగా తెలియును. ఆనాడే అతడు మరియొక మొక్కు కూడ చెల్లించినాడు. ఊరినుండి వచ్చునప్పుడు బండిలో పోయించిన పెట్రోలునందును, దీపమునకు కొన్న నేతియందును, అగరవత్తులయందును, పిల్లవానికి కొన్న చెప్పులయందును ప్రభుత్వమునకు చెందవలసిన భాగము కలిసియే యున్నది. ఆ భాగమెంతయో అతడు ఎరుగడు. దైవమునకు ఇచ్చునది తెలిసి ఇచ్చుచున్నాడు; రాజ్యమునకు ఇచ్చునది తెలియకయే ఇచ్చుచున్నాడు.

ఈ తెలియక ఇచ్చునదియే అమ్మకపు పన్ను. తెలిసి, లెక్క చూచి, సంవత్సరాంతమున ఇచ్చునది ఆదాయపు పన్ను. ఒకటి భోగముపై విధించునది, రెండవది ఫలముపై విధించునది. ఈ రెండింటిలో ఏది ఎంత యుండిన ధర్మమగునన్నదే ఇచటి విచారము.

మోక్షమార్గమును గూర్చి చింతించు జిజ్ఞాసువులకు పన్నుల ప్రసక్తి ఏలయని కొందరు సంశయింపవచ్చును. పురుషార్థములు నాలుగింటిలో అర్థమొకటి. ధర్మముచే నియమింపబడని అర్థము మిగిలిన మూడింటిని కూడ చెరచును. శరశయ్యపై పవ్వళించిన భీష్మపితామహుడు ధర్మరాజునకు మోక్షధర్మముకంటె ముందు రాజధర్మమునే ఉపదేశించెను. ఆ ఉపదేశములో కరగ్రహణమునకు గొప్ప స్థానమున్నది. కావున ఈ విచారము ఆస్తికులకు అన్యము కాదు. మీమాంసకులు ఏ సందేహమునైనను విషయము, సంశయము, పూర్వపక్షము, ఉత్తరపక్షము, సిద్ధాంతము అను క్రమమున పరిశీలింతురు. ఇచటను ఆ క్రమమే అనుసరణీయము.

విషయము

భారత రాజ్యాంగము పన్ను విధించు అధికారమును కేంద్రమునకును రాష్ట్రములకును పంచినది. వ్యవసాయేతరమైన ఆదాయముపై పన్ను కేంద్రమునకు చెందినది. వ్యవసాయాదాయముపై పన్ను విధించు అధికారము ఏడవ షెడ్యూలులోని రాష్ట్రజాబితాయందు 46వ పద్దుగా ఉన్నది. వృత్తులపైన, ఉద్యోగములపైన పన్ను కూడ రాష్ట్రమునకే చెందును గాని, 276వ అధికరణము దానికి సంవత్సరమునకు ఒక్కొక్కరికి 2,500 రూపాయల హద్దు విధించినది. ఆ హద్దు 1988లో 60వ రాజ్యాంగసవరణచే ఏర్పడినది. నాటినుండి నేటివరకు అది కదలలేదు.

ఫలితమేమనగా రాష్ట్రము తన చేతిసంపాదనకు ప్రధానముగా వస్తువుల అమ్మకమునే ఆశ్రయింపవలసి వచ్చినది. ఉత్తర తెలంగాణమునకు ఇది క్రొత్త సంగతి కాదు. కాకతీయుల కాలపు శాసనములలో పశువుల మేతపై పుల్లరి, ఇంటిపై ఇల్లరి, సరకులపై సుంకము కానవచ్చును. నిజాము పాలనలో సరిహద్దు సుంకములను వసూలు చేయు శాఖకు కరోడ్‌గిరి అని పేరు. ప్రభుత్వాదాయములో అది ఒక ముఖ్యభాగము. హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైన పిమ్మట 1950లో సాధారణ అమ్మకపు పన్ను శాసనము ఇచట ప్రవేశించినది. అనంతరము 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టము, 2005 ఏప్రిల్ 1 నుండి విలువ ఆధారిత పన్ను అనగా వ్యాట్, 2017 జులై 1 నుండి వస్తుసేవల పన్ను అనగా జీఎస్టీ వచ్చినవి. పేరులు మారినవి, రూపము మారినది. సరకు కొన్నవాడు చెల్లించుటయను స్వభావము మాత్రము మారలేదు.

జీఎస్టీ వచ్చిన పిమ్మట చాలా వస్తువులపై పన్నురేటును రాష్ట్రము ఒంటరిగా నిర్ణయింపజాలదు. కేంద్ర, రాష్ట్రముల మంత్రులు కూర్చుండు మండలియే నిర్ణయించును. మద్యము, పెట్రోలు, డీజిలు మాత్రము దాని వెలుపల నున్నవి. తెలంగాణములో పెట్రోలుపై వ్యాట్ 35.2 శాతము, డీజిలుపై 27 శాతము. అనగా లీటరు పెట్రోలు ధరలో సుమారు నాలుగవవంతు రాష్ట్రమునకే పోవుచున్నది. కేంద్రము విధించు సుంకము దీనికి అదనము.

ఇక వృత్తిపన్ను సంగతి. నెలకు 15,000 రూపాయలవరకు జీతము పొందువారికి అది లేదు. 15,001 నుండి 20,000 వరకు నెలకు 150 రూపాయలు. ఆ పైన ఎంత జీతమున్నను 200 రూపాయలు. కరీంనగరములో నెలకు ఇరువదియొక్క వేలు సంపాదించు దుకాణపు గుమాస్తాయును, నెలకు మూడు లక్షలు పొందు ఉన్నతోద్యోగియును సంవత్సరమునకు సమానముగా 2,400 రూపాయలు చెల్లింతురు. వ్యవసాయాదాయముపై పన్ను విధించు అధికారము రాష్ట్రమునకున్నను, తెలంగాణములో దానిని ప్రయోగించుట లేదు.

సంశయము

అమ్మకపు పన్ను, ఆదాయపు పన్ను – ఈ రెండింటిలో రాజ్యము దేనిపై ఎక్కువగా ఆధారపడవలెను? ఇప్పుడున్నట్లు వస్తువులపై, ఇంధనముపై, మద్యముపై భారము నిలుపుట యుక్తమా, లేక సంపాదనపై భారమును పెంచి వస్తువులపై భారమును తగ్గించుట యుక్తమా?

పూర్వపక్షము

భోగముపై పన్నే మేలని చెప్పువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. దానిని బలముగానే వినవలెను.

మొదటి యుక్తి: అమ్మకపు పన్ను భోగించువానిపై పడును, సంయమికి తగులదు. సంపాదించుట దోషము కాదు; కర్మఫలముపై దండము విధించిన ఉద్యమశీలుడు నిరుత్సాహుడగును. మితముగా జీవించువాడు తక్కువ పన్ను కట్టును, విలాసి ఎక్కువ కట్టును. ఇంతకంటె ధర్మానుకూలమేమున్నది?

రెండవ యుక్తి: మనువు కరగ్రహణమునకు జలగను, దూడను, తుమ్మెదను దృష్టాంతములుగా చెప్పెను. ఆ మూడును కొంచెము కొంచెముగా గ్రహించును. అమ్మకపు పన్ను కూడ సబ్బుబిళ్ళకు ఒక రూపాయి, నూనెపొట్లమునకు అయిదు రూపాయలు అను రీతిగా నొప్పి తెలియకుండ వచ్చును. ఒక్కసారిగా వేలకొలది రూపాయలు అడుగు ఆదాయపు పన్నుకంటె ఇదే శాస్త్రసమ్మతము.

మూడవ యుక్తి: ప్రత్యక్షముగా పన్ను అడుగు అధికారి ప్రజల ఇంటివరకు వచ్చును. దాని పర్యవసానమేమో ఆదిలాబాదు అడవులకు తెలియును. అడవిలో పశువులను మేపుకొన్నందుకు నిజాము అధికారులు గోండులనుండి, కోలాములనుండి పన్ను వసూలు చేయుటయు, పోడుభూములనుండి వారిని వెడలగొట్టుటయు కుమ్రం భీము తిరుగుబాటునకు కారణములైనవి. 1940లో జోడేఘాట్ నేలపై రక్తము చిందినది. పన్ను కట్టువానికిని అధికారికిని నడుమ దూరమున్ననే శాంతి.

నాలుగవ యుక్తి: సేద్యపు ఆదాయము నిలుకడ లేనిది. ఒక ఏడు పత్తి పండును, మరుసటి ఏడు గులాబిపురుగు తినివేయును. అట్టి ఆదాయమునకు లెక్క కట్టుట ఎట్లు? కావున ఉన్న స్థితియే మేలు.

ఉత్తరపక్షము

ఈ యుక్తులు నాలుగింటిని వరుసగా పరిశీలింపవలెను.

మొదటిది భోగసంయమములను గూర్చినది. అందు ఒక పొరపాటు దాగియున్నది. ఖర్చు చేసినదంతయు భోగము కాదు. మిగిల్చినదంతయు వైరాగ్యము కాదు. దేహయాత్ర వేరు, భోగము వేరు. నిర్మల్ ప్రాంతమున ఇంట కూర్చుండి బీడీలు చుట్టు ఇల్లాలిని తలచుకొనుడు. ఆమె సంపాదించినదంతయు నెల తిరుగకమునుపే బియ్యము, నూనె, మందులు, పిల్లల పుస్తకములు, బస్సుచార్జీలు రూపమున వ్యయమగును. ఆమెను విలాసిని యని ఎవరనగలరు? అట్లే సంపాదనలో మూడువంతులు భూములుగా, బంగారముగా దాచుకొనువాడు ఖర్చు చేయలేదు గనుక సంయమియని చెప్పుట చెల్లదు. దాచుట లోభమువలన కూడ జరుగును. లోభమును శాస్త్రము అరిషడ్వర్గములో చేర్చినదే గాని శమదమాదులలో చేర్చలేదు.

దీనిని అంకెలలో చూచిన స్పష్టమగును. ఇది కేవలము ఉదాహరణమే. ఒక కుటుంబపు నెలసరి ఆదాయము 12,000 రూపాయలనుకొందము. అందులో పన్నుపడు వస్తువులపై 6,000 వ్యయమైనది. సగటు పన్ను నూటికి పది. అనగా పన్ను 600 రూపాయలు, ఆదాయములో 5 శాతము. మరియొక కుటుంబపు ఆదాయము 2,40,000. పన్నుపడు వస్తువులపై వారు 60,000 వ్యయపరచిరి. పన్ను 6,000 రూపాయలు. మొత్తము చూచిన పదిరెట్లు; కాని ఆదాయములో అది 2.5 శాతమే. ఇరువదిరెట్లు కలిగినవాడు పదిరెట్లు మాత్రమే ఇచ్చినాడు. లేనివాని భాగము ఉన్నవాని భాగమునకు రెట్టింపైనది.

ఈ వక్రతను సరిచేయుటకే ఆదాయపు పన్ను పుట్టినది. ఆ రెండవ కుటుంబపు సంపాదన ఒక్కరి జీతమే అయినచో 2025–26 నాటి క్రొత్త పద్ధతి ననుసరించి సంవత్సరమునకు సుమారు 4,38,000 రూపాయలు కేంద్రమునకు చెల్లింపవలెను. అప్పుడు తూకము సరిపడును. కాని ఆ సంపాదనయే మామిడితోటలనుండియో, విస్తారమైన పొలములనుండియో వచ్చినచో కేంద్రమునకును సున్న, రాష్ట్రమునకును సున్న. ఇద్దరి ఐశ్వర్యము సమానము, ఇద్దరి పిల్లలును చదువునది ఒకే బడి, ఇద్దరి వాహనములును నడచునది ఒకే బాట. ఒకడు నాలుగు లక్షలు ఇచ్చును, మరియొకడు ఏమియు ఇయ్యడు. దీనిని ఏ ధర్మశాస్త్రము సమర్థించును?

రెండవ యుక్తి జలగ, దూడ, తుమ్మెదల దృష్టాంతము. అల్పముగా గ్రహింపవలెననుట సత్యమే. కాని అల్పమనునది దేనిని బట్టి? ఇచ్చువాని శక్తిని బట్టియే. తుమ్మెద చిన్నపువ్వునుండి చిన్నచుక్కయు, పెద్దపువ్వునుండి పెద్దచుక్కయు గ్రహించును, పువ్వు వాడదు. సబ్బుపై పన్ను చిన్నపువ్వును, పెద్దపువ్వును ఒకే చుక్క అడుగును. దూడ త్రాగిన పిమ్మటను ఆవునకు పాలు మిగులవలెను; వట్టిపోయిన ఆవును పీడించు దూడ మనువు చెప్పిన దూడ కాదు. నొప్పి తెలియకపోవుట ధర్మమునకు ప్రమాణము కాదు. దొంగ కూడ నిద్రించువానికి నొప్పి తెలియకుండనే తీసుకొనును.

అంతేకాదు. వర్తకునినుండి పన్ను గ్రహించుటను గూర్చి మనువు చెప్పినది ఈ సందర్భమున మిక్కిలి ముఖ్యము. కొనినది ఎంతకు, అమ్మినది ఎంతకు, సరకు వచ్చిన దూరమెంత, తిండికి, రక్షణకు అయిన వ్యయమెంత, ఇవన్నియు పోగా మిగిలినదెంత యని చూచి పన్ను వేయవలెనని ఏడవ అధ్యాయములో ఉన్నది. అనగా అమ్మకపు మొత్తముపై గాక మిగిలిన లాభముపై దృష్టి నిలుపుమనుట. ఇది నేటి భాషలో ఆదాయపు పన్ను సూత్రమే. చిన్నవ్యాపారముతో బ్రతుకు సామాన్యులనుండి సంవత్సరమునకు ఏదో కొంచెము మాత్రమే గ్రహింపుమనియు అదే ప్రకరణము చెప్పుచున్నది. పిమ్మట మరియొక మెలకువ: అత్యాశతో ఇతరుల మూలమును ఛేదింపరాదు, పన్ను విడిచిపెట్టి తన మూలమును తానే ఛేదించుకొనరాదు. పన్ను ఎక్కువైనను చేటే, తీసుకొనవలసిన చోట తీసుకొనకపోయినను చేటే.

మూడవది జోడేఘాట్ ప్రసంగము. అది పూర్వపక్షమును సమర్థించుటలేదు; దానినే ఖండించుచున్నది. ఆనాడు పన్ను పడినది ఆదాయముపై కాదు. పశువు మేసిన గడ్డిపై పడినది. బ్రతుకుటకు అవసరమైన దానిపై పడినది. ఎంత మిగిలినదని ఎవరును అడుగలేదు. ఎంత మేసినదని మాత్రమే అడిగిరి. శక్తిని విచారింపక అవసరముపై విధించిన పన్ను ఎట్లు పరిణమించునో చెప్పుటకు ఆదిలాబాదుకంటె గొప్ప నిదర్శనము లేదు. తిరుగుబాటు అణగిన పిమ్మట కారణములను తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వమే హైమెన్‌డార్ఫ్ పండితుని ఆ అడవులకు పంపవలసి వచ్చినది. ముందే విచారించియుండిన అంత అనర్థము జరిగియుండెడిది కాదు.

నాలుగవ యుక్తిలో సత్యమున్నది, దానిని అంగీకరింపవలసినదే. వానపై ఆధారపడు రైతును జీతగానితో సమముగా లెక్కించుట అన్యాయము. కాని దీనివలన సిద్ధించునది చిన్నరైతుకు మినహాయింపే. నూరు ఎకరముల వానికి మినహాయింపు కాదు. ఒక ఏటి ఆదాయము గాక కొన్ని ఏండ్ల సగటును గ్రహించుట, నష్టము వచ్చిన ఏటిని లెక్కలో కలుపుట అసాధ్యములు కావు. తోటపంటల ఆదాయముపై ఇట్టి పన్నును కేరళము, అస్సాము వంటి రాష్ట్రములు పూర్వమే ఎరుగును.

ఇచ్చుటలోను ఇదే వివేకము అవసరము. 2018 మే 10న రైతుబంధు పథకము ప్రారంభమైనది కరీంనగర్ జిల్లా హుజూరాబాదు సమీపమున శాలపల్లిలోనే. ఎకరమునకు ఇంత యని ఇచ్చిన ఆ సాయము ఎకరములెక్కువ కలవానికి ఎక్కువగాను, కౌలుకు దున్నువానికి ఏమియు లేకుండగాను చేరినది. రైతునకు ఆసరా కావలెననుటలో వివాదము లేదు. కాని పెట్రోలుపై పేదవాడు కట్టిన పన్ను పెద్దభూస్వామి ఖాతాకు చేరుట సూర్యునిరీతి కాదు. కాళిదాసు దిలీపుని పాలనను వర్ణించుచు, సూర్యుడు వేయిరెట్లు తిరిగి ఇచ్చుటకే నీటిని గ్రహించునని సాదృశ్యము చెప్పెను. సూర్యుడు సముద్రమునుండి ఎక్కువ, చెరువునుండి తక్కువ గ్రహించును. వర్షించునప్పుడు ఎండిన చేనును మరువడు. బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వర క్షేత్రముల మీదుగా ప్రవహించు గోదావరి ఆ ధర్మమునకు నిత్యసాక్షి.

సిద్ధాంతము

అట్లని అమ్మకపు పన్ను సర్వథా త్యాజ్యము కాదు. రథమునకు రెండు చక్రములు వలెను. ఆదాయపు పన్ను మాత్రమే ఉండిన, లెక్క దాచువాడు పూర్తిగా తప్పించుకొనును. అమ్మకపు పన్ను మాత్రమే ఉండిన, లేనివాడు మోయలేడు. ఇప్పుడు రాష్ట్రపు రథమునకు ఒక చక్రము పెద్దది, రెండవది బొంగరమంత. దానిని సరిచేయుటయే సంస్కారము.

మొదటి అంశము: వస్తువులలో దేహయాత్రకు సంబంధించినవి వేరు, భోగమునకు సంబంధించినవి వేరు, హానికరములు వేరు అను విభాగము పన్నులో కనిపింపవలెను. కౌటిల్యుడు శుల్కప్రకరణములో రాష్ట్రమునకు పీడ కలిగించు సరకును అరికట్టుమనియు, మహోపకారము చేయు సరకును, దుర్లభమైన విత్తనములను శుల్కము లేకుండ రానిమ్మనియు చెప్పెను. వివాహము, ఉపనయనము, యజ్ఞము, దేవపూజ మొదలగువాటి సరకులకు కూడ శుల్కము మినహాయించెను. దేవాలయప్రసాదమునకు, కుంకుమకు నేడు పన్ను లేకపోవుట ఆ మార్గమునకు చెందినదే.

2025 సెప్టెంబరు 22 నుండి అమలైన జీఎస్టీ మార్పులు ఈ దిశగా మంచి అడుగు. 5, 12, 18, 28 శాతములుగా ఉన్న నాలుగు శ్రేణులు ప్రధానముగా 5, 18 శాతములుగా కుదించబడినవి. విలాసవస్తువులకు, హానికరవస్తువులకు 40 శాతము ఏర్పడినది. సబ్బు, తలనూనె 18 నుండి 5కు, నెయ్యి 12 నుండి 5కు దిగినవి. వ్యక్తుల జీవితబీమా, ఆరోగ్యబీమాలపై పన్ను తొలగినది. ఉత్తర తెలంగాణమునకు ఇందు ప్రత్యేకప్రయోజనములున్నవి. అడవిబిడ్డలు వేసవిలో సేకరించు తునికాకుపై పన్ను 18 నుండి 5కు తగ్గినది. సిరిసిల్ల మరమగ్గములకు ఒక చిరకాలపు చిక్కు ఉండెడిది: కృత్రిమనూలుపై 12 శాతము, నేసిన వస్త్రముపై 5 శాతము. కొన్నప్పుడు ఎక్కువ కట్టి, అమ్మినప్పుడు తక్కువ రాబట్టుకొని, మిగిలిన సొమ్ము వాపసు కొరకు ఎదురుచూడవలసి వచ్చెడిది. చిన్న ఆసామి పెట్టుబడి అచటనే చిక్కుకొనెడిది. ఇప్పుడు నూలును 5 శాతమునకే వచ్చినది.

ఇక బీడీల సంగతి ధర్మసూక్ష్మము. 28 శాతమునుండి 18కి తగ్గించుటకు మండలి నిర్ణయించినది. బీడీ హానికరమే, కాని దానిని చుట్టు చేతులు పేద స్త్రీలవి. హానికరవస్తువును అరికట్టవలెనను వాక్యమును, సామాన్యుని మూలము ఛేదింపరాదను వాక్యమును ఇచట పరస్పరము ఎదురుపడుచున్నవి. ఆ స్త్రీలకు వేరొక జీవనోపాధిని చూపి, పిమ్మట పన్ను పెంచుట క్రమము. ఉపాధి చూపక పన్ను తగ్గించి ఊరకుండుట సగము పని మాత్రమే.

రెండవ అంశము: మద్యముపై ఆధారము తగ్గవలెను. తెలంగాణములో 2,620 మద్యపు దుకాణములున్నవి. 2025లో లైసెన్సుకొరకు పెట్టు ఒక్కొక్క దరఖాస్తునకు మూడు లక్షల రూపాయలు రుసుము; దుకాణము దక్కకున్నను అది తిరిగి రాదు. సురాధ్యక్షుని నియమించినవాడు కౌటిల్యుడే గనుక మద్యాదాయము క్రొత్త దోషము కాదని కొందరు చెప్పుదురు. నిజమే. అయితే ఆ సురాధ్యక్షుని పని అమ్మకమును పెంచుట కాదు, హద్దులో ఉంచుట. ప్రభుత్వపు ఖజానా త్రాగువాని దాహముపై నిలిచినపుడు, ఆ దాహము తీరకుండుటయే ప్రభుత్వమునకు అవసరమగును. కూలిడబ్బులు మద్యమునకు పోయిన ఇంటిలో ఆ పన్నును నిజముగా చెల్లించినది అన్నము లేక పడుకొన్న బిడ్డ.

మూడవ అంశము: వృత్తిపన్నునకు 1988లో పెట్టిన హద్దును సవరించి, జీతమునకు తగిన శ్రేణులు ఏర్పరుపవలెను. ఇది పార్లమెంటు చేయవలసిన పని. రాష్ట్రములు కలసి అడుగవలసిన పని. హద్దు పెరిగిన పిమ్మట చిన్నజీతగానిపై ఉన్న 150, 200 రూపాయలు కూడ తొలగింపవచ్చును.

నాలుగవ అంశము: వ్యవసాయాదాయముపై పన్ను, అత్యధికాదాయము కలవారికి మాత్రమే. కేంద్రపు క్రొత్త పద్ధతిలో 12 లక్షల వరకు ఆదాయమునకు పన్ను పడుటలేదు. అంతకు తక్కువ కాని హద్దు పెట్టిన, ఉత్తర తెలంగాణములో చెమటోడ్చి దున్ను రైతులలో ఎవరికిని ఈ పన్ను తగిలే అవకాశము దాదాపు లేదు. సేద్యము పేరిట ఇతరాదాయమును దాచుకొనువారికి మాత్రము తగులును. సాధారణరైతును కవచముగా నిలిపి వెనుక దాగినవారికే ఇది కష్టము.

అయిదవ అంశము అన్నింటికంటె ముఖ్యము. పైన చెప్పిన రెండు మార్గములలో వచ్చినది వచ్చినట్లు పెట్రోలు, డీజిలులపై వ్యాట్ తగ్గించుటకు వినియోగింపవలెను. క్రొత్త పన్ను వచ్చి పాతది అట్లే యుండిన అది సంస్కారము కాదు, భారము. ఆపత్కాలమున ప్రజలను అదనముగా యాచించుట ఒక్కసారి మాత్రమే, రెండవసారి కూడదని కౌటిల్యుడు నియమించెను. భీష్ముడును పన్నును కాలము, దేశము ఎరిగి క్రమక్రమముగా మార్చవలెననెను. కావున ఈ మార్పు కూడ కొన్ని ఏండ్లలో మెట్లు మెట్లుగా జరుగవలెను.

ఒక ఆక్షేపము మిగిలినది. ఆదాయపు పన్నులో రాష్ట్రమునకు కేంద్రమునుండి వాటా వచ్చుచున్నదిగదా, వేరు పన్నేల యని. వాటా వచ్చుచున్నమాట నిజమే. పంచదగిన మొత్తములో 41 శాతము రాష్ట్రములన్నింటికి పంచుచున్నారు. కాని కేంద్రము విధించు సెస్సులు, సర్‌చార్జీలు ఆ పంపకములోనికి రావు. ఇతరుల చేతినుండి వచ్చు వాటాపై ఆధారపడినవాడు తన ప్రజలకు తాను జవాబుదారి కాజాలడు.

ప్రయోజనము

ఈ విచారము ప్రభుత్వముతో ముగియదు. భక్తుల వంతు కూడ కలదు.

సకలశౌచములలో అర్థశౌచమే శ్రేష్ఠమని మనుధర్మము చెప్పుచున్నది. మట్టితో, నీటితో కలుగు శుద్ధి దానికి తరువాతిది. గోదావరిలో మూడుసార్లు మునిగినవాడు దుకాణమునకు వచ్చి, బిల్లు కావలెనన్న ఒక ధర, బిల్లు లేకున్న ఒక ధర యని చెప్పినచో అతని స్నానము దేహమునకే అయినది, ద్రవ్యమునకు కాలేదు. బిల్లు వద్దని కొన్నవాడును అందు భాగస్వామియే. ఆ మిగిలిన సొమ్ముతో స్వామికి వెండికిరీటము చేయించిన, అది దానమనిపించుకొనదు. తనది కానిదానిని ఇచ్చుట దానము కాదు. కొనువాడు కట్టిన పన్నును వర్తకుడు దాచుకొన్న యెడల, అది ఆసుపత్రిలో మందు అందని రోగి సొమ్ము, బడిలో గది లేని పిల్లల సొమ్ము.

రాజు అధర్మముగా గ్రహించినప్పుడు ప్రజ ప్రశ్నింపవలెను. ధర్మముగా గ్రహించినప్పుడు సంతోషముతో ఇయ్యవలెను. ఈ రెండును ఒకే ధర్మమునకు రెండు ముఖములు. పన్ను ఎగవేయువానికి పన్ను అన్యాయమని పలుకు అధికారము లేదు. పన్ను చెల్లించుచు మౌనముగా నుండువాడును తన విధిని సంపూర్ణముగా నెరవేర్చినట్లు కాదు.

2027లో గోదావరి పుష్కరములు రానున్నవి. ధర్మపురిలో, బాసరలో, కాళేశ్వరములో లక్షలాది జనులు స్నానమాడుదురు. కోటీశ్వరుడును, కూలివాడును ఒకే నీటిలో మునుగుదురు. నది ఇద్దరిని సమముగా తడుపును. కాని స్నానమునకు వచ్చుటకు పోసికొన్న పెట్రోలులో ఇద్దరును ఒకే పన్ను కట్టి వత్తురు. మొదటిది సమత్వము. రెండవది సమత్వమువలె కనిపించు వైషమ్యము. ఈ భేదమును ఎరుగుటయే వివేకము. వేములవాడలో కోడె కట్టు పేదభక్తుడు ఏమి ఇచ్చుచున్నాడో తెలిసి ఇచ్చు స్థితి, అతని శక్తికి మించి ఎవరును అడుగని స్థితి రాజ్యమునందును కలుగుగాక.

స్వస్తి.